జనాజాకు ముందే ఆ గడప తొక్కుదాం

తుమ్మలపల్లె నుంచి పులివెందుల దాకా, అటు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వరకు ఏ ఊరి మసీదుకు వెళ్లి చూసినా ఒక సంగతి గమనించవచ్చు. ఎవరైనా కన్నుమూశారన్న కబురు అందిన గంటలోపే గుసుల్ చేయించడం తెలిసినవారు వస్తారు. కఫన్ కొలతలు తెలిసినవారు వస్తారు. ఖబర్ తవ్వేవారిని బతిమాలవలసిన అవసరం రాదు. స్త్రీల మయ్యిత్‌కు గుసుల్ ఇచ్చే పెద్దమ్మలు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఈ పనిని మనకు ఏ కళాశాలా నేర్పలేదు. ఊరిలో కొందరైనా ఈ బాధ్యత నెరవేర్చకపోతే ఊరంతా దోషులవుతారని చెప్పే ఫర్జ్ కిఫాయా భావన నేర్పింది.

అదే ఊరిలో ఒక యువకుడు రెండు వారాలుగా తలుపు మూసుకుని పడుకున్నాడనుకుందాం. నిద్ర లేదు, తిండి సయించదు, నమాజుకు రావడం మానేశాడు, తానెందుకూ పనికిరానివాడినని పదేపదే అంటున్నాడు. అతని పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో తెలిసినవారు మన జమాతులో ఎందరు? వేళ్ల మీద లెక్కించేందుకు కూడా దొరకరు. చనిపోయినవారికి చేయవలసిన సేవను శ్రద్ధగా నేర్చుకున్న మనం, బతుకు మీద ఆశ వదులుకుంటున్న మనిషికి చేయవలసిన సేవను నేర్చుకోలేదు. ఇది మన సమాజపు లోపం. దీన్ని ముందుగా ఒప్పుకొందాం.

ఈ ప్రాంతానికి మనోవ్యథ కొత్త కాదు. తుమ్మలపల్లెలో యురేనియం ప్రాజెక్టుకు 2007లో శంకుస్థాపన జరిగింది. వ్యర్థాల చెరువు వల్ల బోరునీరు చెడిపోతోందని, అరటితోటలు దెబ్బతింటున్నాయని చుట్టుపక్కల పల్లెల రైతులు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. యాజమాన్యం కాదంటోంది. ఎవరి మాట నిజమని తేలినా, తాగే నీటినే అనుమానించుకుంటూ బతకడం ఎంత భారమో అక్కడి ఇల్లాళ్లకు తెలుసు. దీనికి తోడు కువైట్ బతుకులున్నాయి. తల్లి అక్కడ పరాయి ఇంట్లో పని చేస్తుంటే పిల్లలు ఇక్కడ నానీ ఒడిలో పెరుగుతారు. ఏజెంటుకు కట్టిన అప్పు వడ్డీతో పెరుగుతుంది. వీటన్నిటిపై ముస్లిం అన్న ఒక్క కారణంతో ఎదురయ్యే అనుమానపు చూపు మరొక బరువు.

2020 నవంబరులో నంద్యాలకు చెందిన ఒక ఆటో డ్రైవర్, అతని భార్య, ఇద్దరు పిల్లలు విగతజీవులుగా మిగిలారు. దొంగతనం కేసు పేరుతో పోలీసులు వేధిస్తున్నారని ఆ దంపతులు చివరి వీడియోలో కన్నీళ్లతో చెప్పుకొన్నారు. రాష్ట్రమంతటా ముస్లిం సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. ఒక సీఐ, ఒక హెడ్ కానిస్టేబుల్ అరెస్టయ్యారు. ఆ పోరాటం న్యాయమైనది. ఆ మరణాలకు జవాబు చెప్పవలసింది అధికార యంత్రాంగమే, ఇరుగుపొరుగు కాదు. అయినా ఒక ప్రశ్న మనల్ని వదలదు. రేపు మన వీధిలోనే ఒక కుటుంబం అలాంటి అవమానంలో కుమిలిపోతుంటే, ధర్నాకు వెళ్లే మన కాళ్లు అంతకుముందే ఆ గడప తొక్కుతాయా? తొక్కినా, ఏం చేయాలో మనకు తెలుసా?

అన్యాయం వల్ల కలిగిన బాధను జబ్బుగా చూడడం పాలకులను తప్పించడమే అవుతుందని మన కార్యకర్తలు కొందరు వాదిస్తారు. ఆ భయంలో అర్థముంది. కానీ బాధితుడు బతికి ఉంటేనే కోర్టులో సాక్ష్యం చెప్పగలడు, తన బిడ్డలను పెంచుకోగలడు. హక్కుల కోసం పోరాడేవారికి మనిషిని నిలబెట్టుకోవడం మొదటి పని.

ఇమాన్ బలహీనపడిన వారికే దిగులు వస్తుందనే వాదన మరొకటి. ఈ మాటను మేము గట్టిగా ఖండిస్తున్నాం. కుమారుని ఎడబాటుతో కళ్లు తెల్లబడేంతగా దుఃఖించిన యాకూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) ఇమాన్‌ను శంకించేవారు మనలో ఉన్నారా? వెయ్యేళ్లకు పూర్వమే అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు దేహారోగ్యాన్ని, మనో ఆరోగ్యాన్ని ఒకే గ్రంథంలో చర్చించాడు. ఆపద కోసం ఇంట్లో మందులు సిద్ధంగా ఉంచుకున్నట్టే, మనసు కలత చెందే వేళకు మంచి ఆలోచనలను ముందే కూడబెట్టుకోవాలన్నాడు. ప్రథమ చికిత్స అనే ఊహ మన వారసత్వానికి పరాయిది కాదు.

'అసర్' తగిలిందని, దర్గాలో కట్టివేస్తే తగ్గుతుందని చెప్పేవారూ ఉన్నారు. దర్గా నీడలో దొరికే ఊరటను మేము కాదనం. కాదనేది గొలుసును. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంటే, గొలుసులతో బంధించి ఉంచిన 28 మంది రోగులు కదలలేక కాలిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర 'దవా-దువా' పేరిట ముజావర్లు, మానసిక వైద్యులు కలిసి పనిచేశారు. దువాతో పాటు దవా కూడా అందిస్తే దర్గా గౌరవం తగ్గలేదు. కడప జిల్లా దర్గాల్లో ఆ పని ఎందుకు జరగకూడదు?

వైద్యులున్నారు కదా, మనకెందుకీ విద్య అని అడగవచ్చు. నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మంది రోగులకు చికిత్స అందడం లేదు. రోగికి, ఆసుపత్రికి మధ్య ఉన్న ఆ ఎడాన్ని దాటించే మనిషి కావాలి. నెత్తురు కారుతుంటే గుడ్డ కట్టి ఆసుపత్రికి చేర్చేవాడు డాక్టర్ కానవసరం లేదు. 2000లో ఆస్ట్రేలియాలో బెట్టీ కిచెనర్, టోనీ జోర్మ్ దంపతులు మొదలుపెట్టిన మానసిక ప్రథమ చికిత్స శిక్షణకు మూలం ఇదే.

నేర్చుకోవలసినవి కష్టమైనవి కావు. మనిషిలో మార్పు గమనించినప్పుడు ఒంటరిగా కలిసి నెమ్మదిగా పలకరించాలి. అతను చెప్పేది మధ్యలో అడ్డుకోకుండా వినాలి. 'సబర్ చేయి, నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా' అన్న మాటతో నోరు మూయించకూడదు. అనుమానం కలిగితే, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, పైగా దాచుకున్న బరువు దిగుతుంది. అవునంటే అతన్ని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో ఉన్న పురుగుమందులను, మాత్రలను అందకుండా తీసివేయాలి. ఉచితంగా పగలూ రాత్రీ తెలుగులో పలికే టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను కలిపి ఇవ్వాలి. ఆసుపత్రికి చీటీ రాసి పంపడంతో సరిపోదు, వెంట వెళ్లాలి. మందులు మొదలైతే వైద్యుడు చెప్పకుండా మానకుండా చూడాలి.

అన్నిటికంటే ముఖ్యం, విన్నది అమానత్. ఆ మాట బయటకు పొక్కితే ఆడపిల్లకు సంబంధాలు చెడతాయన్న భయంతోనే ఎన్నో ఇళ్లు జబ్బును దాస్తున్నాయి. పోలీసు కేసు భయం మరికొన్ని నోళ్లను మూయిస్తోంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించరాదని, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిదని 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. ఈ మాట ప్రతి ఇంటికీ చేరాలి.

ప్రజలు నేర్చుకున్నారు కదా అని ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ప్రభుత్వ సేవల ద్వారా మానసిక వైద్యం పొందడం ఆ చట్టం ఇచ్చిన హక్కు. పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రభుత్వాసుపత్రుల్లో వారంలో నిర్ణీత దినాన మానసిక వైద్యుడు తప్పక కూర్చోవాలి. ఆశా కార్యకర్తలకు, సచివాలయ సిబ్బందికి ఈ శిక్షణ ఇవ్వాలి. అడగవలసింది మనమే.

మసీదు కమిటీలను మేము కోరేది ఒక్కటే. వచ్చే జుమా తర్వాత కూర్చుని ఇద్దరు పురుషులను, ఇద్దరు స్త్రీలను ఎంపిక చేయండి. పరదాలో ఉండే అక్కచెల్లెళ్ల బాధ మగవారి చెవిన పడదు కనుక స్త్రీలు లేకుండా ఈ పని సాగదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వైద్యులను పిలిపించి ఆ నలుగురికీ శిక్షణ ఇప్పించండి. నమాజు వేళల పలక పక్కనే 14416 అని పెద్ద అక్షరాలతో రాయించండి. గుసుల్ తెలిసినవారి పేర్లు ఊరందరికీ తెలిసినట్టే, ఈ నలుగురి పేర్లు కూడా ఊరందరికీ తెలియాలి.