పంటి వేళ్ల కథ

కిందటి సంచికలో కంటి శుక్లాల గురించి చెప్పుకున్నాం. ఈసారి పంటి దగ్గరకు వద్దాం. బర్గూరులో మా అత్తమ్మకు జరిగిన సంగతే ఇందుకు కారణం.

అత్తమ్మకు పైదవడలో కుడివైపు పెద్ద పన్ను పుచ్చి, రాత్రిళ్లు నిద్ర లేకుండా చేసింది. డాక్టరుగారు రూట్ కెనాల్ చేసి, పైన తొడుగు వేశారు. బాధ తీరిందనుకున్నాం. ఎనిమిది నెలలు తిరిగేసరికి అదే పంటి పైన చిగురు వాచి చీము పట్టింది. "ఏమ్మా, అంత డబ్బు పోసి చేయించుకున్నదానికి ఇదా ఫలితం? పీకించి పారేస్తే పీడ పోతుంది" అన్నారావిడ. డాక్టరు మోసం చేశాడని కొందరు, అంతా మన బోరు నీళ్ల మహిమేనని మరికొందరు తేల్చేశారు.

నీళ్ల సంగతి ముందు చెబుతాను. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో చాలా చోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది నిజమే. 2013లో ప్రారంభమైన హొగెనకల్ తాగునీటి పథకం అందుకోసం వచ్చిందే. కానీ ఫ్లోరైడ్ చేసేది, పళ్లు తయారయ్యే చిన్న వయసులో పైపొర మీద మచ్చలు తేవడం. పంటికి వేళ్లెన్ని, వాటి లోపల కాలువలెన్ని అన్నది చాలావరకు వంశాన్ని బట్టి వస్తుంది. పైకి మచ్చ లేని పన్ను లోపల చిక్కుముడిలా ఉండవచ్చు, గారపట్టిన పన్ను లోపల తిన్నగా ఉండవచ్చు.

పన్ను అంటే మనకు కనబడే తెల్లని ముక్క మాత్రమే కాదు. చిగురు కింద ఎముకలో దిగిన వేరు ఉంటుంది. వేరు నడుమ సన్నని కాలువ, అందులో నరం, రక్తనాళాలు ఉంటాయి. రూట్ కెనాల్ అంటే ఆ కాలువను శుభ్రం చేసి మూసివేయడం. ముందు పళ్లకు ఒకే వేరు. పైదవడలోని మొదటి పెద్ద పంటికి మామూలుగా మూడు వేళ్లు. మూడు వేళ్లకు మూడు కాలువలే ఉండాలి కదా అనుకుంటాం. కానీ అందులో చెంప వైపు ముందున్న వేరులో రెండో కాలువ ఒకటి దాగి ఉంటుంది. దాదాపు సగం మందికి, కొన్ని పరిశీలనల ప్రకారం అంతకన్నా ఎక్కువ మందికి ఇది ఉంది. దాని నోరు వెంట్రుకంత సన్నం. అది మిగిలిపోతే అందులోని క్రిములూ మిగిలిపోతాయి.

కింది పళ్లూ తక్కువవేమీ కావు. కింది మొదటి పెద్ద పంటికి రెండు వేళ్లే మామూలు. మూడో వేరు కూడా ఉండవచ్చునని వియన్నాలోని దంతవైద్యుడు కారాబెల్లి 1844లోనే రాశారు. చైనా, కొరియా వాళ్లలో ఇది నూటికి ఇరవై మంది దాకా కనిపిస్తుంది. మనలో చాలా తక్కువ. దాని పక్కనున్న రెండో పంటిలో కాలువలు కలిసిపోయి ఇంగ్లీషు 'సి' అక్షరంలా వంగి ఉండటమూ ఉంది. 2010లో అచ్చయిన ఒక పరిశోధనలో భారతీయుల పళ్లను పరీక్షిస్తే, నూటికి ఏడెనిమిదింటిలో ఇలా కనిపించింది. 2011లో చెన్నైలోని మీనాక్షి అమ్మాళ్ దంత కళాశాల వైద్యులు ఒకే పై పంటిలో ఎనిమిది కాలువలను గుర్తించి, అన్నిటికీ చికిత్స చేసిన వైనాన్ని ప్రకటించారు!

మరి ఎక్స్‌రే తీశారుగా, అందులో కనబడలేదా అని అడగవచ్చు. పంటికి ఎక్స్‌రే 1896లోనే జర్మనీలో వాల్కోఫ్ తీశారు. అప్పుడు ఇరవై అయిదు నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు క్షణం కూడా పట్టదు. కానీ ఎక్స్‌రే ఒక నీడ. ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు నిలబడితే గోడ మీద ఒక్క నీడే పడుతుంది. దీపాన్ని కాస్త పక్కకు జరిపితే రెండు నీడలు విడిపోతాయి. అందుకే అనుమానం వచ్చినప్పుడు డాక్టర్లు ఇంకో కోణంలో రెండో ఎక్స్‌రే తీస్తారు. అప్పటికీ తేలకపోతే కోన్ బీమ్ సీటీ స్కాన్ ఉంది. యంత్రం తల చుట్టూ తిరిగి, పంటిని పొరపొరలుగా చూపిస్తుంది. దంతవైద్యంలోకి ఇది 1990ల చివర వచ్చింది.

అత్తమ్మను బతిమాలి కృష్ణగిరిలో మరో డాక్టరుగారికి చూపించాం. ఆయన కోణం మార్చి ఎక్స్‌రే తీసి, అనుమానం వచ్చి బెంగళూరులో స్కాన్ తీయించమన్నారు. నాలుగో కాలువ బయటపడింది. పాత పూత తీసి, దాన్నీ శుభ్రం చేసి మూశారు. రెండేళ్లయింది. ఆవిడ ఆ పంటితోనే చెగోడీలు నములుతున్నారు. మొదటి డాక్టరు మోసగాడన్న మాటా ఇంట్లో ఆగిపోయింది.

ఇందులో మనం నేర్చుకోవలసింది కొద్దిగానే ఉంది. రూట్ కెనాల్ చేసిన పన్ను మళ్లీ నొప్పి పెడితే వెంటనే పీకించకండి, వెంటనే ఎవరినీ తిట్టకండి. "కాలువ ఏదైనా మిగిలిందేమో చూస్తారా?" అని అడగండి. అడగడం తప్పు కాదు. అలాగని ప్రతి పంటి నొప్పికీ స్కాన్ అక్కర్లేదు. చిన్న ఎక్స్‌రే కన్నా దానిలో కిరణాలు ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. గర్భిణులు ముందే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. తీసిన ఎక్స్‌రేలు, స్కాన్లు పారేయకుండా ఇంటి పత్రాలతో పాటు దాచండి. ఒక పక్క పంటికి అదనపు వేరు ఉంటే రెండో పక్కా ఉండే అవకాశం బాగా ఉంది. ఊరు మారినా, డాక్టరు మారినా ఆ కాగితం మీ పంటి లోపలి సంగతి చెబుతుంది.

మళ్లీ సంచికలో పిల్లల పాలపళ్ల గురించి మాట్లాడుకుందాం.