గోనెసంచిలో బంగాళాదుంప: బస్తా మీద మూడో అంకె చూడండి

అనకాపల్లి దగ్గరి పల్లె నుండి ఒక సహోదరి ఉత్తరం వ్రాశారు. పెరట్లో నాలుగు గోనెసంచులలో బంగాళాదుంపలు వేశారట. వారం వారం చిటికెడు యూరియా వేసి నీళ్లు పోశారట. మొక్కలు ఏపుగా, నల్లని పచ్చదనంతో పెరిగాయి. సంచులు బోర్లించి చూస్తే కుంకుడుకాయలంత దుంపలు! నలుగురికి ఒక పూట కూరకైనా రాలేదు. "ఏమి తక్కువ చేశాను?" అని అడిగారు.

తక్కువ చేయలేదమ్మా, యూరియా ఎక్కువ చేశారు. యూరియాలో ఉండేది నత్రజని ఒక్కటే. అది ఆకును పెంచుతుంది. అతిగా వేస్తే మొక్క ఆకు మీదే ధ్యాస పెట్టి, దుంప కట్టడం ఆలస్యం చేస్తుంది. ఈ సంగతి చెరకు రైతుకు కొత్త కాదు. తోటకు ఆలస్యంగా యూరియా వేసిన ఏడు బెల్లం రంగు చెడుతుంది, అచ్చు సరిగా కట్టదు. 1913 నుండి చెరకు పరిశోధన జరుగుతున్న ఊరు మనది, ఈ మాట ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు.

అయినా చెయ్యి యూరియా మీదికే పోతుంది. కారణం ధర. 1992 ఆగస్టులో ప్రభుత్వం భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద అదుపు తీసివేసింది, యూరియాకు మాత్రం ఉంచింది. పొటాష్ విదేశాల నుండి రావలసిందే. చౌకైనదే బలమైనదని మనవాళ్లు అనుకోవడానికి అదొక కారణం.

దుంపకు పిండి చేరాలంటే పొటాష్ కావాలి. ఎరువు బస్తా మీద మూడు అంకెలుంటాయి: మొదటిది నత్రజని, రెండవది భాస్వరం, మూడవది పొటాష్. యూరియా 46-0-0. డి.ఎ.పి. 18-46-0. 28-28-0 కూడా అంతే, చివర సున్నా. 17-17-17 అయితే మూడూ ఉన్నాయి. సంచికి ఇదే నయం.

ఇక విడి పొటాష్. దుకాణంలో ముందుగా చూపేది ఎర్ర పొటాష్ (0-0-60), అంటే మ్యూరేట్. పొలంలో వానకు దాని క్లోరైడు కొట్టుకుపోతుంది. సంచిలో పేరుకుంటుంది, దుంప నీరుబారుతుంది. సంచికి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ (0-0-50) కొనండి. ధర ఎక్కువే గాని, కావలసింది చెంచాల లెక్క. నలుగురు కలిసి ఒక కిలో తెచ్చి పంచుకోవచ్చు.

బెల్లం పొయ్యి బూడిద ఊరికే వస్తుంది కదా అంటారు. చెరకు పిప్పి బూడిదలో ఎక్కువ భాగం ఇసుక వంటి సిలికాయే, పొటాష్ కొంచెమే. కట్టెల బూడిద మేలు, అదీ గుప్పెడే. బూడిద ఎక్కువైతే మట్టిలో క్షారగుణం పెరిగి దుంప తోలు గజ్జి పట్టినట్టు గరుకవుతుంది. పచ్చిపేడ కూడా వద్దు.

రెండు పాళ్లు మట్టి, ఒక పాలు బాగా చివికిన గత్తం, రెండు గుప్పెళ్లు వేపపిండి కలపండి. సంచి అంచులు కిందికి మడిచి, మూడోవంతు నింపండి. సంచికి రెండు మొలక దుంపలు చాలు. 17-17-17 ఇరవై గ్రాములు అడుగు మట్టిలో కలపండి, దుంపకు తగలకూడదు. మొక్క జానెడు పెరిగాక అంచు విప్పుతూ మట్టి ఎగదోయండి. నెల రోజులకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ ఒక టీ చెంచా చుట్టూ చల్లి మట్టి కప్పండి. ఆకు పాలిపోతే తప్ప యూరియా ముట్టవద్దు. అప్పుడైనా అర చెంచా, ఒక్కసారే.

నీళ్లు సంచి అడుగు నుండి కారేటట్లు పోస్తే ఎరువు కూడా కారిపోతుంది. మట్టి తడిగా ఉంటే చాలు.

మరొక మాట. ఎంత మంచి ఎరువు వేసినా రాత్రులు చల్లబడకపోతే దుంప ఊరదు. కుప్పంలో, జహీరాబాదులో ఉన్న చల్లదనం మన తీరాన డిసెంబరు, జనవరిలోనే కొద్దిగా దొరుకుతుంది. కనుక నవంబరు మొదట్లోనే నాటండి. సంక్రాంతి దాటాక ఆకు పండుబారితే నీళ్లు ఆపి, పది రోజులాగి సంచి బోర్లించండి. ఎండ తగిలి పచ్చబడిన దుంపలు విషం, పశువులకు కూడా పెట్టవద్దు.