షెడ్డులో మిగిలిన వెల్డింగ్ సెట్టు

వాడుకలో ఉన్న యంత్రం అరుగుతుంది. వాడకుండా వదిలేసిన యంత్రం పాడవుతుంది. అరుగుదల కంటికి కనిపిస్తుంది. ఏ భాగం ఎంత అరిగిందో పనివాడు చెప్పగలడు. వాడకపోవడం వల్ల కలిగే నష్టం మాత్రం లోలోపల సాగుతుంది. పైన రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపల తుప్పు పని చేసుకుంటూ పోతుంది. కనుక చాలాకాలం మూలనపడిన యంత్రాన్ని పైపైన చూసి "బాగానే ఉంది" అనడమూ తొందరపాటే, "ఇక పనికిరాదు" అనడమూ తొందరపాటే.

గత నెలలో ఒక సోదరి మాకు జాబు రాశారు. ఆమె భర్త కొన్నేళ్ళు గల్ఫ్‌లో వెల్డర్‌గా పనిచేసి, కూడబెట్టిన సొమ్ముతో డీజిల్ ఇంజనుతో నడిచే వెల్డింగ్ సెట్టు కొన్నారట. కరెంటు సరిగా అందని పల్లెలకు దాన్ని ట్రాక్టరు వెనుక లాక్కువెళ్ళి గేట్లు, రేకుల షెడ్లు, ట్రాలీల మరమ్మతులు చేసి సంసారాన్ని నడిపారు. ఆయన మరణించి ఆరేళ్ళయింది. నాటినుండి సెట్టు షెడ్డులోనే ఉంది. తూకానికి అమ్మేయమని మరిదిగారు అంటున్నారు. ఐ.టి.ఐ.లో వెల్డర్ కోర్సు పూర్తి చేసిన కుమారుడేమో "అమ్మీ, అబ్బా సెట్టును నేను నడుపుతాను, అమ్మొద్దు" అంటున్నాడు. ఇద్దరి మధ్య ఏమి చెప్పాలో పాలుపోవడం లేదని ఆమె రాశారు.

ఇటువంటి యంత్రాలు మన ఊళ్ళలో ఇంకా ఎన్నో ఇళ్ళ వెనుక ఉన్నాయి. అందుచేత ఈ సమాధానాన్ని ఆ సోదరికి మాత్రమే గాక అందరికీ ఉపయోగపడేలా ఇక్కడ రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. భర్త వదిలి వెళ్ళిన యంత్రం వారసులందరి ఉమ్మడి ఆస్తి. భార్యకు, సంతానానికి, జీవించి ఉంటే మృతుని తల్లిదండ్రులకు అందులో వాటా ఉంటుంది. కుమారుడు ఉండగా మరిదిగారిది సలహా మాత్రమే. పెద్దమనిషిగా ఆయన మాటను గౌరవించాలి. నిర్ణయం మాత్రం వారసులది. యంత్రాన్ని కుమారుడే వాడుకోదలిస్తే దాని ప్రస్తుత విలువను తెలిసినవారితో కట్టించి, మిగిలిన వారసుల వాటా ఎలా తీర్చేదీ కాగితంపై రాసుకోవాలి. ఆడపిల్లలు ఉంటే వారి వాటాను "ఇంట్లోదే కదా" అని మరచిపోరాదు. లెక్క ముందే తేలితే ఆ తరువాత యంత్రం బాగుపడినా, బాగుపడకపోయినా మనసులు చెడవు.

ఇక తూకం సంగతి. పాత ఇనుము కొనేవారు సెట్టు మొత్తాన్ని కాటాపై పెట్టి ఇనుము ధర కడతారు. లోపల జనరేటరు చుట్లలో ఉన్నది రాగి. దాని ధర ఇనుము ధరకు ఎన్నో రెట్లు. కనుక చివరికి అమ్మాలనే నిర్ణయించుకున్నా, అది ఇంజనుగా ఎంతకు పోతుంది, జనరేటరుగా ఎంతకు పోతుంది, తుక్కుగా ఎంతకు పోతుంది అని మూడు ధరలు విడివిడిగా అడగండి. ఒకే ధరకు ఒప్పుకున్నవారే నష్టపోతారు.

అయితే అమ్మకానికి ముందు యంత్రాన్ని ఒకసారి సరిగా పరీక్షించాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, కొత్త బ్యాటరీ తెచ్చి తగిలించి వెంటనే స్టార్టు చేయబోవడం. ఆరేళ్ళు కదలని ఇంజనును హఠాత్తుగా తిప్పితే, బాగుచేయదగిన చిన్న లోపం బాగుచేయలేని పెద్ద లోపంగా మారవచ్చు. మొదటి రోజు పని చూడడం మాత్రమే. మూతలు నెమ్మదిగా, కర్రతో ఎత్తండి. పామో, తేలో, కందిరీగల గూడో ఉండవచ్చు. ఎలుకలు లోపల గూడు కట్టుకుని వైర్ల తొడుగు కొరికి ఉంటాయి. ఏ వైరు ఎక్కడ ఉందో ఊడదీయక ముందే ఫోటో తీసి ఉంచుకోవాలి.

రెండవ దశ ఇంజను. గేజి కడ్డీ తీసి ఆయిల్ చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు కలిసిందని అర్థం. మట్టం ఉండవలసిన దానికంటే పెరిగి, పలుచబడి, డీజిల్ వాసన వస్తే డీజిల్ దిగిందని అర్థం. ఎలా ఉన్నా పాత ఆయిల్ పూర్తిగా తీసి కొత్తది పోయాలి. ట్యాంకులోని పాత డీజిల్‌ను వాడరాదు. నిలవ డీజిల్ అడుగున నీరు చేరుతుంది, ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి జిగురు పేరుకుంటుంది, అది ఫిల్టరునూ నాజిల్‌నూ మూసేస్తుంది. ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చి, పగిలిన రబ్బరు గొట్టాలు మార్చాలి. నీటితో చల్లబడే ఇంజనయితే నీటిదారులు, గాలితో చల్లబడేదయితే రెక్కల మధ్య పేరుకున్న మట్టి శుభ్రం చేయాలి.

తరువాత నాజిల్ తీసి సిలిండరులో కొద్దిగా ఆయిల్ వేసి ఒకరోజు ఆగాలి. మరునాడు, నాజిల్ ఇంకా బిగించకుండానే, హ్యాండిల్‌తో చేతితోనే నెమ్మదిగా తిప్పాలి. కదిలితే సగం దిగులు తీరినట్టే. కదలకపోతే బలవంతం చేయరాదు. రింగులు తుప్పుకు పట్టుకుని ఉంటాయి, అది మెకానిక్ హెడ్ విప్పి చూడవలసిన పని. చక్కగా తిరిగిన తరువాతే నాజిల్ బిగించి, డీజిల్ పైపులలోని గాలిని బయటకు తీయాలి.

స్టార్టు చేసే ముందు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇంజనును ఆపే లివరు పనిచేస్తున్నదో లేదో ముందే చూడాలి. పంపు లోపలి కడ్డీ తుప్పుకు బిగుసుకుపోయి ఉంటే డీజిల్ ఆగకుండా వెళుతుంది, ఇంజను వేగం అదుపు తప్పుతుంది. అందుకే గాలి పీల్చే నోటికి సరిపడే చెక్కపలక ఒకటి పక్కన సిద్ధంగా ఉంచుకోవాలి. అదుపు తప్పితే గాలి మూసేయడమే మార్గం. చేయి మాత్రం అడ్డుపెట్టరాదు.

మూడవ దశ జనరేటరు. ఆరు వర్షాకాలాల తేమను చుట్లపై ఉన్న తొడుగు పీల్చుకుని ఉంటుంది. రివైండింగ్ షాపులో మెగ్గర్ అనే పరికరం ఉంటుంది. ఎలక్ట్రానిక్ భాగాలేవైనా ఉంటే విడదీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో చుట్లకూ బాడీకీ మధ్య కొలిపించండి. ఇటువంటి సెట్టుకు కనీసం 1 మెగా ఓము చూపించాలి. తక్కువ వస్తే వెంటనే కాలిపోయినట్టు కాదు, తేమ కావచ్చు. మూత కింద బల్బు వెలిగించి నాలుగైదు రోజులు మెల్లగా వెచ్చబెట్టి మళ్ళీ కొలిపించండి. అంకె పెరుగుతూ వస్తే తేమే. పెరగకపోతేనే రివైండింగ్ మాట ఎత్తాలి.

పాత డి.సి. సెట్లలో కమ్యుటేటర్ అనే రాగి పట్టీల చక్రం, దానిపై ఒరుసుకునే కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. బ్రష్‌లు తమ గూళ్ళలో పైకీ కిందికీ సులువుగా జారాలి. రాగి ముఖం నునుపుగా, గోధుమ రంగులో ఉంటే మంచిదే. దాన్ని రుద్ది తళతళలాడించనక్కరలేదు. నల్లగా మాడినచోట సన్నటి గాజు కాగితంతో రుద్దాలి. ఎమరీ కాగితం వాడరాదు. దాని రేణువులు పట్టీల మధ్య ఇరుక్కుని చెరుపు చేస్తాయి. లోతైన గాళ్ళు పడితే లేత్ షాపుకు పంపవలసిందే.

ఇన్ని చేసినా ఒక్కొక్కప్పుడు ఇంజను నడుస్తుంది గానీ విద్యుత్తు పుట్టదు. అక్కడే చాలామంది జనరేటరు చచ్చిపోయిందని తుక్కుకు వేస్తారు. అసలు కారణం వేరే ఉండవచ్చు. ఈ జనరేటరు తన అయస్కాంతాన్ని తానే పెంచుకుంటుంది. ఇనుములో మిగిలిన ఏ కొంచెమో అయస్కాంతశక్తి మొదట కొద్దిపాటి విద్యుత్తును పుట్టిస్తుంది, ఆ విద్యుత్తు అయస్కాంతాన్ని బలపరుస్తుంది, అలా రెండూ ఒకదానినొకటి పెంచుకుంటాయి. జర్మనీకి చెందిన వెర్నర్ సీమెన్స్ 1866లో గుర్తించి, 1867 జనవరిలో బెర్లిన్ అకాడమీకి నివేదించిన సూత్రమిదే. ఏళ్ళ తరబడి కదలని యంత్రంలో ఆ మిగులుశక్తి హరించుకుపోవచ్చు. అప్పుడు ఇంజను ఆపి, బ్రష్‌లు ఎత్తి, 12 వోల్టుల బ్యాటరీని ఫీల్డు చుట్టకు సరైన ధ్రువాలతో కొన్ని క్షణాలు తాకిస్తారు. పోయిన అయస్కాంతం తిరిగి వస్తుంది. ధ్రువాలు తారుమారైతే సెట్టు ప్లస్, మైనస్ కూడా తారుమారవుతాయి గనుక, ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

చివరి దశ పరీక్ష. సెట్టును ఆరుబయటే నడపాలి. మూసిన షెడ్డులో పొగగొట్టం నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. అది ప్రాణాలు తీస్తుంది. మొదట లోడు లేకుండా పావుగంట నడిపి, శబ్దం, వేడి, ఆయిల్ కారడం గమనించండి. తరువాత తక్కువ ఆంపియర్లతో, సన్నటి రాడ్డుతో ఒక పాత ఇనుప ముక్కపై అతికించి చూడండి. రాడ్డు ముట్టించక ముందు ఈ సెట్ల కొసల మధ్య 60 నుండి 80 వోల్టుల వరకు ఉంటుంది. పొడిచేతికి అది చిన్నదిగా తోచవచ్చు, చెమటతో తడిసిన చేతికి, తడి నేలపై నిలబడినవారికి అది ప్రమాదం. తొడుగు పగిలిన పాత కేబుళ్ళు, విరిగిన హోల్డరు మార్చకుండా పని మొదలుపెట్టరాదు. చూడవచ్చిన పిల్లలను దూరంగా పంపండి. ఆ వెలుగు కళ్ళకు చేసే హాని రాత్రికి గానీ తెలియదు.

ఇప్పుడు ఆ సోదరి ప్రశ్నకు వద్దాము. ఖర్చు పెట్టక ముందు మూడు విషయాలు తేల్చుకోండి. ఇంజను చేతితో తిరుగుతున్నదా? జనరేటరు మెగ్గర్ పరీక్షలో నిలుస్తున్నదా? దాన్ని నడిపేందుకు చుట్టుపక్కల పని ఉన్నదా? మూడింటికీ అవునంటే బాగుచేయించండి. మొదటి రెండింటిలో ఒకటి కాదంటే మరమ్మతు ఖర్చు రాతపూర్వకంగా అడిగి, వాడిన సెట్టు ధరతో పోల్చుకోండి. ఊరూరా త్రీఫేజు కరెంటు వచ్చి, చేతితో మోసుకుపోయే చిన్న ఇన్వర్టర్ సెట్లు దొరుకుతున్న ఈ రోజుల్లో మూడవ ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. పని లేనిచోట తండ్రి జ్ఞాపకం కోసం అప్పు చేసి ఇంజను బాగుచేయించడం ఆ తండ్రి కూడా కోరి ఉండడు. ఆయన నేర్పుతో సంపాదించాడు. ఆ నేర్పు కుమారుడి చేతికి వచ్చింది. అది ఏ సెట్టు మీదనైనా పనిచేస్తుంది.

బాగుపడితే మాత్రం దాన్ని మళ్ళీ మూలన పడేయవద్దు. గాలి ఆడని ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది. గాలి ఆడే కప్పు వేయండి. పని లేని నెలలోనూ ఒకసారి అరగంట నడిపి, కొంత లోడు పెట్టి, ఆ తారీఖును షెడ్డు తలుపుపై సుద్దతో రాసి ఉంచండి.