కాకి వాలింది, తాటిపండు రాలింది

పిల్లలూ!

ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకదాన్ని గురించి మీకు చెప్పకుండా ఉండలేను. రాసినవాడు ఏడో తరగతి చదివే అబ్బాయి. పేరు చెప్పవద్దన్నాడు గనక చెప్పను. జరిగిన సంగతి ఇది: వాడు సెల్‌ఫోనులో తుపాకులు పేల్చే ఆట ఆడుతున్నాడు. గెలుపు దాకా వచ్చి ఓడిపోయాడు. సరిగ్గా అప్పుడే చెల్లెలు వచ్చి, “అన్నయ్యా, ఇంక ఫోను నాకియ్యి,” అంటూ చెయ్యి పట్టుకుని లాగింది. వాడు దాన్ని ఒక్క తోపు తోశాడు. మంచం కోడు తగిలి ఆ పిల్ల నుదురు బొప్పి కట్టింది.

“మామయ్యా! ఈ ఆటే నిన్ను రాక్షసుణ్ణి చేస్తున్నది, రేపు పెద్దవాడివయ్యాక నిజం తుపాకీ పడతావు అంటున్నది బామ్మ. ఆటకూ దానికీ ఏమీ సంబంధం లేదంటున్నారు నాన్నగారు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టటం లేదు. నేను నిజంగా అట్లా అయిపోతానా?” అని వాడు అడిగాడు.

చూశారా, ఎంత పెద్ద ప్రశ్నో! వాళ్ళ బామ్మకూ నాన్నగారికీ మధ్య వచ్చిన ఈ తగవు వాళ్ళ ఇంట్లో పుట్టింది కాదు. ఇది దాదాపు యాభై ఏళ్ళుగా సాగుతున్నదే.

1976వ సంవత్సరంలో అమెరికాలో “డెత్ రేస్” అనే ఆట వచ్చింది. అప్పటికి సెల్‌ఫోనులు లేవు. బీరువా అంత పెట్టెలో నాణెం వేసి ఆడాలి. తెల్లటి గీతలతో గీసిన చిన్న బొమ్మలు తెరమీద పరుగెత్తుతూ ఉంటాయి. వాటిని కారుతో గుద్దాలి. గుద్దినచోట ఒక సమాధి గుర్తు లేస్తుంది. అంతే! ఇప్పుడు చూస్తే నవ్వు వస్తుంది. కాని ఆనాడు పెద్దలు హడలిపోయారు. పత్రికలలో పెద్ద గొడవ జరిగింది. 1993లో ఆ దేశపు సెనేటు సభ్యులు ఇటువంటి ఆటలను గురించి విచారణ జరిపారు. దాని ఫలితంగానే 1994 నుంచి ఏ ఆట ఏ వయసువారికి తగినదో పెట్టెమీద అచ్చువేయటం మొదలయింది.

1999లో అమెరికాలో కొలంబైన్ అనే చోట ఇద్దరు విద్యార్థులు తమ బడిలోనే కాల్పులు జరిపి పలువురిని చంపారు. వాళ్ళిద్దరూ “డూమ్” అనే తుపాకుల ఆట ఆడేవాళ్ళని తెలియవచ్చింది. “ఇంకేం, ఆటే కారణం!” అన్నారు చాలామంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మన పెద్దలు “కాకతాళీయం” అనే మాట వాడతారు, విన్నారా? కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది. అదే క్షణంలో తాటిపండు రాలింది. చూసినవాడు కాకే పండును రాల్చిందనుకున్నాడు. పండు ముగ్గి, తొడిమ వదులై రాలిందేమో! ఆనాడు డూమ్ ఆడిన పిల్లలు లక్షలకొద్దీ ఉన్నారు. వాళ్ళు తుపాకులు పట్టలేదు. పత్రికలు రాలిన పండును చూపిస్తాయి గాని, కాకి వాలినా పండు రాలని చెట్లను లెక్కపెట్టవు.

అయితే శాస్త్రజ్ఞులు ఎలా లెక్కపెడతారు?

1961లో అమెరికాలో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. గాలి ఊదిన పెద్ద బొమ్మ ఒకటి, కొడితే పడి మళ్ళీ లేచేది, తెచ్చాడు. కొందరు పిల్లల ఎదుట ఒక పెద్దమనిషి ఆ బొమ్మను సుత్తితో మోది, తన్ని, తిట్టాడు. మరికొందరి ఎదుట పెద్దమనిషి బొమ్మ జోలికి పోకుండా ఆడుకున్నాడు. ఇంకా కొందరికి ఏమీ చూపలేదు. తరవాత పిల్లలను వదిలితే, కొట్టటం చూసినవాళ్ళు అచ్చం అలాగే కొట్టారు, అవే తిట్లు తిట్టారు! చూసింది నేర్చుకుంటామని దీనివల్ల తేలింది. బామ్మ మాటకు ఇది బలం.

కాని అడ్డుప్రశ్న కూడా ఉంది. కొట్టటానికే చేసిన బొమ్మను కొట్టిన పిల్లవాడు, మనిషిని కూడా కొడతాడా?

మనిషిని కొట్టించి చూసే ప్రయోగం ఎవరూ చేయకూడదు గదా! అందుకని శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పన్నారు. 2000లో అచ్చయిన ఒక పరిశోధనలో కాలేజీ విద్యార్థులలో కొందరిచేత తుపాకుల ఆటా, కొందరిచేత ప్రశాంతమైన ఆటా ఆడించారు. తరవాత ఒక పందెం పెట్టి, గెలిచినవాడు ఎదుటివాడి చెవిలో పెద్ద మోత వినిపించవచ్చునన్నారు. తుపాకుల ఆట ఆడినవాళ్ళు, తాము ఓడిన తరవాతి తడవ, ఆ మోతను కాస్త ఎక్కువసేపు వినిపించారు. మళ్ళీ బామ్మదే పైచేయి అనిపిస్తుంది. కాని కాసేపు మోత మోగించటానికీ, హత్య చేయటానికీ మధ్య ఎంత దూరం!

2019లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంకో పరిశోధన జరిగింది. 14, 15 ఏళ్ళ పిల్లలు వెయ్యిమందికి పైగా ఏ ఆటలు ఆడుతున్నారో కనుక్కున్నారు. ఆ పిల్లలు ఇంట్లో ఎలా ఉంటున్నారో తల్లిదండ్రులనే అడిగారు. ఏమేమి లెక్క కడతామో ముందుగానే రాసి ఉంచారు, తరవాత మాట మార్చే వీలు లేకుండా. హింస ఉన్న ఆటలు ఆడటానికీ, దుడుకుతనానికీ సంబంధం కనిపించలేదు. ఈ తడవ నాన్నగారిది పైచేయి!

మరి తీర్పు ఏమిటి? అమెరికాలోని మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం ఉన్న పరిశోధనలన్నీ చూసి 2020లో తన మాట చెప్పింది: హింస ఉన్న ఆటలకూ, అరవటం, తొయ్యటం వంటి దుడుకు పనులకూ కొద్దిపాటి సంబంధం ఉన్నది, కాని హత్యలకు ఆటలే కారణమనటానికి శాస్త్రాధారం చాలదు. ఆ కొద్దిపాటి సంబంధం కూడా లేదనే శాస్త్రజ్ఞులు ఉన్నారు. జపానులో పిల్లలూ పెద్దలూ వీడియో ఆటలు విపరీతంగా ఆడతారు. అయినా తుపాకీ హత్యలు అక్కడ మహా అరుదు. అక్కడ తుపాకీ దొరకటమే కష్టం. కాకి ఒకటే, చెట్లు వేరు!

ఇప్పుడు మన అబ్బాయికి పనికివచ్చే సంగతి ఒకటి చెబుతాను. 2014లో కొందరు శాస్త్రజ్ఞులు, తుపాకీ గాని రక్తం గాని లేని ఆటలను తీసుకున్నారు. పైనించి పడే దిమ్మలను పేర్చే “టెట్రిస్” మీరు ఆడే ఉంటారు. దాన్ని కావాలని బాగా కష్టంగా మార్చి ఆడించారు. ఆడినవాళ్ళకు ఒళ్ళు మండింది! చేతగాక ఓడిపోతున్నామన్న ఉక్రోషం కూడా మనిషిని దుడుకువాణ్ణి చేస్తుందన్నమాట. క్యారంబోర్డు దగ్గరా, గోలీల దగ్గరా దెబ్బలాటలు మీరు చూడలేదా?

కనక, అబ్బాయీ, నా జవాబు విను. ఆట ఆడినంత మాత్రాన నువ్వు హంతకుడివి కావు. ఈ రాత్రి హాయిగా నిద్రపో. కాని బామ్మ మాట గాలికి వదలకు. నీ ఆట ఏ వయసువారికని రాసి ఉందో నాన్నగారితో కలిసి చూడు. పద్దెనిమిదేళ్ళవారిదైతే దాన్ని మానెయ్యి. ఒక చిన్న పుస్తకంలో పదిహేను రోజులు రాయి: ఏ ఆట ఆడావు, ఎంతసేపు, గెలిచావా ఓడావా, రాత్రి ఎంత నిద్రపోయావు, ఎవరిమీద విసుక్కున్నావు. ఆడని రోజులు కూడా రాయాలి సుమా! అవి రాయకపోతే, కాకి వాలని చెట్టు సంగతి తెలియదు. ఓడిన వెంటనే ఫోను కింద పెట్టి, లేచి గ్లాసుడు మంచినీళ్ళు తాగు.

ఇంకొక్క మాట. కోపం ఓటమివల్ల రావచ్చు, ఆటవల్ల రావచ్చు, నిద్ర చాలక రావచ్చు. తోసిన చెయ్యి మాత్రం నీదే. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బామ్మ ఏమన్నదో రాశావు, నాన్నగారు ఏమన్నారో రాశావు. చెల్లెలు ఏమన్నదో రాయలేదు. దాన్ని బుజ్జగించావా? వచ్చే నెల ఉత్తరంలో ముందు ఆ సంగతి రాయి. తరవాత నీ లెక్కల పుస్తకం చూద్దాం.

మిగతా పిల్లలు కూడా ఇలాగే పుస్తకం రాసి నాకు పంపవచ్చు.

ఉంటాను,

మీ మామయ్య