విగ్రహం వెలలో శిల్పి ఊపిరికీ చోటుండాలి

ఆలయ పాలకమండళ్లకు, విగ్రహ కమిటీలకు, దాతలకు, స్థపతులకు, రాతిపని మేస్త్రీలకు విన్నపం.

ఒక రాతి విగ్రహానికి ఆర్డరు ఇచ్చేటప్పుడు రాయి రకం, ఎత్తు, నునుపు, గడువు, లారీ కిరాయి అన్నీ కాగితం మీద పెడతాం. ఆ రాయిని కోసేటప్పుడు లేచే దుమ్ము ఎటు పోవాలన్నది మాత్రం రాయం. రాయనిది శిల్పి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే ఈ కరపత్రం ఒక్క మార్పు కోరుతోంది. రాతి శిల్పానికి సంబంధించిన ప్రతి టెండరులో, ప్రతి ఒప్పందంలో ధూళి నివారణ ఖర్చును విడి పద్దుగా చూపించాలి. ఆ పద్దు మీద బేరం ఉండకూడదు. నీటి కోత, దుమ్ము పీల్చే యంత్రం, మాస్కులు, ఏటా ఛాతీ పరీక్ష ఆ పద్దులోకి రావాలి. ఏర్పాట్లు పనిచోట కనిపించాకే మొదటి వాయిదా చెల్లించాలి. చట్టం కోసం ఎదురుచూడకుండా, పని ఇచ్చేవారు రేపటి ఒప్పందంలోనే చేయగల పని ఇది.

ఈ మార్పు ఇప్పుడే ఎందుకంటే పనిముట్టు మారింది. ఉలీ సుత్తీతో చెక్కితే రాయి పెచ్చులుగా, రవ్వలుగా ఊడుతుంది. దుమ్ము అప్పుడూ లేచేది. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లో వెలువరించిన వృత్తి వ్యాధుల గ్రంథంలోనే రాళ్లు చెక్కేవారి దగ్గు, ఆయాసం గురించి రాశాడు. కాబట్టి పాత పనిముట్లన్నీ క్షేమమనీ కొత్తవన్నీ ప్రాణాంతకమనీ నేననడం లేదు. తేడా అంతా మోతాదులో ఉంది. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ లెక్కన డైమండ్ బ్లేడు అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో రాయిని ఒరుసుకుంటుంది. ఉలి రాయిని పగలగొడితే, బ్లేడు దాన్ని పిండి చేస్తుంది. కిరీటం గాడులు, హారాల మెలికలు, వస్త్రం మడతలు తీసేటప్పుడు శిల్పి ముఖం బ్లేడుకు జానెడు మూరెడు దూరంలో ఉంటుంది. దాని మీద కంప్రెసరు గాలితో కొట్టే ఉలి, పొడి పాలిష్ చక్రం, చివర గాలిగొట్టంతో విగ్రహం మీది పొడిని ఊదెయ్యడం కూడా కలిస్తే షెడ్డంతా తెల్లబడుతుంది. కంటికి కనిపించే ఆ తెలుపు కొంత సేపటికి నేలకు దిగుతుంది. ప్రాణం తీసేది కంటికి కనిపించని భాగం. అది గంటల తరబడి గాలిలోనే తేలుతుంది.

రాయి ఏదైతేనేం అనుకోకూడదు, ముప్పు ముఖ్యంగా అందులోని పలుగు (క్వార్ట్జ్) పాలును బట్టి ఉంటుంది. గ్రానైట్ అంటే పలుగు, ఫెల్డ్‌స్పార్, అభ్రకం కలిసిన రాయి. అందులో సాధారణంగా నాలుగోవంతు అటూ ఇటూ పలుగే. ఇసుకరాయిలో ఎక్కువ భాగం పలుగు రేణువులే. అమరావతి శిల్పులు వాడిన పల్నాటి సున్నపురాయిలో పలుగు బాగా తక్కువ. నల్లగా మెరిసే డోలరైట్‌లోనూ తక్కువే. 1213 నాటి రామప్ప గుడినే చూడండి. గోడలు చాలావరకు ఇసుకరాయి, చూరు కింది మదనికలు నల్ల డోలరైట్. ఒకే గుడిలో రెండు స్వభావాల రాళ్లు. రాయిని మోగించి, ఆ ధ్వనిని బట్టి పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల అని వేరుచేసిన శిల్పశాస్త్ర సంప్రదాయం మనది. రాయి స్వభావం తెలుసుకున్నాకే ఉలి పెట్టాలన్న పట్టుదల అందులో ఉంది. ఆ పరీక్షకు మరో ప్రశ్న జోడించమంటున్నాను: ఈ రాయిలో పలుగు పాలెంత? శిల్పకళాశాలల్లో, గురువుల దగ్గర, తిరుపతిలో దేవస్థానం నడిపే శిల్ప శిక్షణ సంస్థలో విగ్రహాల కొలతలు చెప్పే తాళమానాలతో పాటు ఇదీ మొదటి ఏడాది పాఠం కావాలి.

పలుగు పిండి ఊపిరితిత్తుల్లో చేసే పని వైద్యానికి తెలియనిది కాదు. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అయిదు మైక్రాన్ల కన్నా చిన్న రేణువు ముక్కు వెంట్రుకలకూ గొంతు తడికీ చిక్కదు. ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోయి అక్కడే దిగబడుతుంది. శరీరం దాన్ని కరిగించలేదు, బయటికి నెట్టలేదు. దాని చుట్టూ కణజాలం గట్టిపడి మచ్చ కడుతుంది. అదే సిలికోసిస్. దీనికి నయమయ్యే వైద్యం లేదు. దుమ్ములో పని మానేసిన తరువాత కూడా జబ్బు ముదురుతూ పోవచ్చు. క్షయ సోకే అవకాశాన్ని పెంచుతుంది. లక్షణాలు, ఎక్స్‌రే నీడలు కలిసిపోవడంతో ఎందరో శిల్పులు కేవలం క్షయ రోగులుగానే లెక్కకెక్కుతారు. పని చరిత్ర అడిగితే తప్ప అసలు జబ్బు పేరు బయటికి రాదు. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే ఈ ధూళిని మనుషుల్లో కేన్సర్ కలిగించేదిగా తేల్చింది. అమెరికా 2016లో పెట్టిన హద్దు ప్రకారం ఎనిమిది గంటల పనిలో ఘనపు మీటరు గాలికి సగటున 50 మైక్రోగ్రాములు మించకూడదు. 100 చదరపు మీటర్ల వైశాల్యం, నాలుగు మీటర్ల ఎత్తు ఉన్న షెడ్డుకు లెక్క కడితే, మొత్తం గాలిని ఆ హద్దుకు చేర్చడానికి గ్రాములో యాభయ్యోవంతు సన్నని పలుగు ధూళి చాలు. పొడిగా ఒక్క గాడి తీసినా ఎంత రాయి పిండి అవుతుందో శిల్పులకు చెప్పక్కరలేదు.

నివారణ సాధ్యమా అన్నవారికి అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో బారీ అనే ఊరు జవాబు చెబుతుంది. ఇటలీ నుంచి వలస వచ్చిన శిల్పులెందరో అక్కడ గ్రానైట్ చెక్కారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గాలి ఉలి వచ్చింది. చలి వల్ల షెడ్లు మూసి పనిచేసేవారు. ఆ షెడ్లలో పనిచేసినవారు నడివయసులో సిలికోసిస్‌తో, క్షయతో రాలిపోయారు. 1937లో చనిపోయిన లూయీ బ్రూసా అనే శిల్పి సమాధి మీద, భార్య చేతుల్లో ఒరిగి ప్రాణం వదులుతున్న అతని బొమ్మ ఆ ఊరి శ్మశానంలో ఉంది. 1930ల చివర షెడ్లలో, ఉలి పడే చోటనే దుమ్మును పీల్చే గొట్టాలు అమర్చారు. ఆ తరువాత పనిలో చేరినవారిలో ఈ జబ్బు చాలా అరుదైంది. గ్రానైట్ మారలేదు, గాలి ఉలినీ వదిలిపెట్టలేదు. మారింది దుమ్ము దారి ఒక్కటే. ఖర్చుతో పరిశ్రమ మూతపడుతుందన్న భయమూ నిజం కాలేదు, బారీలో నేటికీ గ్రానైట్ చెక్కుతున్నారు.

మన దేశంలో దీనికి ఎదురు ఉదాహరణ రాజస్థాన్ సిరోహి జిల్లాలోని పిండ్వాడా. దేశంలోని ఎన్నో గుళ్లకు రాయి చెక్కి పంపే ఆ ప్రాంతంలో శిల్పులు పెద్ద సంఖ్యలో సిలికోసిస్ బారిన పడ్డారు. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ప్రత్యేక విధానం తెచ్చి, జబ్బు నిర్ధారణ అయితే 3 లక్షల రూపాయలు, మరణిస్తే కుటుంబానికి మరో 2 లక్షలు ఇస్తోంది. ఆ సాయం కావలసిందే, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రావలసిందే. కానీ అది ఊపిరితిత్తి పాడయ్యాక అందే డబ్బు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను అధికారులకు తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. అయితే నలుగురైదుగురు పనిచేసే శిల్పశాల ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు. తనిఖీ అధికారి గడప తొక్కని ఆ చోటికి తప్పకుండా వచ్చేవాడు ఒక్కడే, పని ఇచ్చినవాడు. బొమ్మ ఎంతవరకు వచ్చిందో చూడడానికి వస్తాడు, డబ్బు అతని చేతిలో ఉంటుంది. అందుకే ఈ మార్పు ఒప్పందం నుంచి మొదలు కావాలంటున్నాను.

చెక్కేవారి అభ్యంతరాలకు బలముంది, వాటిని తోసిపుచ్చి లాభం లేదు. నీళ్లు పోస్తే రాయి మీద గీసుకున్న గీతలు చెరిగిపోతాయంటారు. నిజమే. అయితే దుమ్ములో ఎక్కువ పాలు మొదటి దశ నుంచే వస్తుంది: దిమ్మె కోత, అదనపు రాయి తీసివేత, లోతు గాడులు. ఆ దశలో నీటి బ్లేడు వాడి, తడి ఆరాక గీతలు మళ్లీ గీసుకోవచ్చు. కనుముక్కు తీరు, వేళ్లు, నగల చెక్కడం వచ్చేసరికి నీటికి బదులు బ్లేడు చుట్టూ తొడుగు పెట్టి గొట్టంతో పీల్చాలి. అమెరికా నిర్మాణరంగ నిబంధన చెప్పే కొలత మనకూ పనికొస్తుంది: బ్లేడు వ్యాసంలో అంగుళానికి నిమిషానికి 25 ఘనపుటడుగుల గాలి. నాలుగంగుళాల బ్లేడుకు 100 అన్నమాట. తొడుగు పట్టని ఇరుకుల్లో ఉలే దిక్కు, ఉలి మొనకు దగ్గరగా పీల్చుడు గొట్టం ఉండాలి. ఇక నీళ్లూ కరెంటూ కలిస్తే చావే అన్న మాట అక్షరాలా నిజం. మామూలు గ్రైండరు మీద సీసాతో నీళ్లు పోయడం నేను చెప్పే పద్ధతి కాదు, అది మరో రకం ప్రాణహాని. తడి పనికే తయారైన యంత్రం కానీ కంప్రెసరు గాలితో నడిచే గ్రైండరు కానీ వాడాలి. కరెంటు లీకైన క్షణాన సరఫరా తెంచే ఆర్‌సీసీబీ ప్రతి లైనుకూ ఉండాలి. రాయలసీమలో నీళ్లెక్కడివి అంటారా, రెండు తొట్లు కట్టి బురదను పేరనిచ్చి పైనీటినే మళ్లీ వాడుకోవచ్చు. ఆ బురద ఎండితే తిరిగి దుమ్మే కాబట్టి తడిగా ఉండగానే ఎత్తెయ్యాలి. పొడి చీపురు, గాలిగొట్టంతో ఊదడం శిల్పశాలలో పూర్తిగా మానాలి.

మూతికి తువాలు చుట్టుకుంటే చాలదా? చాలదు. తువాలు నేతలోని సందులు ఈ రేణువుల కన్నా ఎన్నో రెట్లు పెద్దవి. ఎన్95 మాస్కు పనిచేస్తుంది, కానీ ముఖానికి అంటుకొని ఉంటేనే. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద రోజంతా దాన్ని తియ్యకుండా ఉంచుకోమనడం న్యాయం కాదు. నీటికోతతోనూ ధూళి సున్నా కాదు కాబట్టి మాస్కు కావాలి, అయితే అది చివరి అడ్డుకట్టే. నల్లరాయే చెక్కుతాం, మాకేం భయం అనేవారూ ఉన్నారు. ఆ రాయి ముప్పు తక్కువదే, ఒప్పుకుంటాను. కానీ శిల్పశాలలో వారమంతా ఒకే రాయి ఉండదు, పక్కవాడు బూడిదరంగు గ్రానైట్ కోస్తే ఆ గాలే ఇద్దరిదీ. పైగా ఏ రాతిపిండీ ఊపిరితిత్తికి మేలు చేయదు.

ఖర్చు మాట దాచను. తొడుగు, వాక్యూమ్, ఫిల్టర్లు, తొట్లు ఒక చిన్న మేస్త్రీకి భారమే. అవి పెట్టినవాడు ధర పెంచితే, పెట్టనివాడు తక్కువకు పాడి పని పట్టుకుపోతాడు. నేటి టెండరు పద్ధతి నిజాయితీపరుడైన మేస్త్రీని ఇలా శిక్షిస్తోంది. విడి పద్దు అడగడానికి అసలు కారణమిదే. అందరికీ ఒకే పద్దు, దాని మీద పోటీ లేదు అన్నప్పుడు ఆళ్లగడ్డలోని పెద్ద శిల్పశాలా దుర్గిలోని చిన్న కుటుంబమూ సమానంగా నిలబడతాయి. యాదాద్రి ఆలయాన్ని మొత్తం నల్లరాతితో పునర్నిర్మించి 2022 మార్చిలో తెరిచాం. అంత పనికి డబ్బు కూడగట్టగల సమాజం, దుమ్ము పీల్చే గొట్టానికి డబ్బు లేదనడం చెల్లదు. ముందుగా దేవాదాయ శాఖలు, దేవస్థానాలు తమ టెండరు నమూనాల్లో ఈ పద్దు చేరిస్తే, చిన్న కమిటీలు అదే నమూనాను అనుసరిస్తాయి.

మీ ఊళ్లో విగ్రహం కోసమో గుడి కోసమో కమిటీ కూర్చున్న రోజున, ధర అడగక ముందు మేస్త్రీని మూడు మాటలు అడగండి: రాయి తడిగా కోస్తావా, దుమ్ము పీల్చే యంత్రం ఉందా, నీ పనివాళ్లకు ఛాతీ ఎక్స్‌రే ఎప్పుడు తీయించావు? లేదంటే పని ఇంకొకరికి ఇచ్చి చేతులు దులుపుకోకండి. ఆ ఖర్చు మేం భరిస్తామని చెప్పి, ఒప్పందంలో రాయించి, ఏర్పాట్లు చూసి వచ్చాకే బయానా ఇవ్వండి.