పోలీసు పాఠం ఎవరు చెప్పాలి?

అమెరికాలో ఎఫ్‌బిఐ వంటి ఫెడరల్ దర్యాప్తు సంస్థల్లో పనిచేసే ఏజెంట్లు 20 ఏళ్ల సర్వీసుంటే 50వ ఏటే పెన్షన్ తీసుకోవచ్చు. అరుదైన మినహాయింపులు తప్ప 57 ఏళ్లకు ఉద్యోగం వదలక తప్పదు. ఒంట్లో ఓపిక ఉండగానే ఇంటికొచ్చిన వీళ్లలో కొందరు కాలేజీల్లో క్రిమినల్ జస్టిస్, అంటే నేరం, పోలీసు, కోర్టు, జైలు గురించిన శాస్త్రం చెప్పడానికి చేరతారు. 1968 చట్టం కింద పోలీసుల చదువుకు కేంద్ర ప్రభుత్వం డబ్బివ్వడంతో 1970లలో ఈ శాఖలు ఊరూరా వెలిశాయి. చెప్పేవాళ్లు కావలసివచ్చింది. నిన్నటి అధికారులు నేటి అధ్యాపకులయ్యారు.

రేపటి పోలీసు, జైలు అధికారి ఆ తరగతి గదుల్లోనే తయారవుతారు. ఫిర్యాదుకు వచ్చిన స్త్రీ మాట నమ్మాలా, ఆమెనే అనుమానించాలా అన్నది స్టేషనుకు వెళ్లకముందే అక్కడ నేర్చుకుంటారు. దూరదేశపు రిటైరయిన ఉద్యోగుల సంగతి మన పత్రికలో ఎందుకంటే కారణం అదే.

అనుభవమే అర్హత అన్నప్పుడు ఆ అనుభవాన్ని ఎవరికి దక్కనిచ్చారని మొదట అడగాలి. 1922లో అలాస్కా డేవిడ్‌సన్ అనే ఆమె 54 ఏళ్ల వయసులో ఆ సంస్థలో ఏజెంటుగా చేరింది. 1924లో జె. ఎడ్గార్ హూవర్ పగ్గాలు పట్టగానే ఆమెను రాజీనామా చేయమన్నాడు. ఆడ ఏజెంటుకు ఇవ్వదగ్గ పని లేదని ఆఫీసు చెప్పిన కారణం. 1928లో మరో మహిళ కూడా వెళ్లిపోయాక 1972 వరకు ఒక్క స్త్రీ కూడా లేదు. ఆ ఏడు మే నెలలో హూవర్ చనిపోయాడు. జూలైలో ఇద్దరు స్త్రీలు క్వాంటికో శిక్షణ కేంద్రంలో అడుగుపెట్టారు. ఒకరు అంతకుముందు కన్యాస్త్రీ, మరొకరు మెరైన్ దళంలో పనిచేసినవారు. దర్యాప్తు ఆడవాళ్లకు చేతకాదని 40 ఏళ్లకు పైగా చెప్పిన మాట, ఒక మనిషి పోయిన రెండు నెలలకే చెల్లకుండా పోయింది! ప్రభుత్వోద్యోగాలకూ వివక్ష నిషేధాన్ని వర్తింపజేసిన చట్టం ఆ మార్చిలోనే వచ్చిందని కూడా గుర్తుంచుకోవాలి. తలుపు దానంతటదే తెరుచుకోలేదు.

1972లో చేరిన స్త్రీకి 20 ఏళ్ల సర్వీసు 1992కు గాని నిండదు. అంటే ఆ శాఖలు పుట్టి, సిలబస్సులు గట్టిపడిన కాలమంతా మాజీ ఎఫ్‌బిఐ అధికారి అన్న హోదాతో పాఠం చెప్పినవాడు మగవాడే. ఆ తరువాత మార్పు వచ్చింది. మేరీ ఎలెన్ ఓటూల్ 28 ఏళ్లు ఎఫ్‌బిఐలో పనిచేసి, 2009లో విరమించి, తరువాత జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో ఫోరెన్సిక్ సైన్స్ విభాగానికి నాయకత్వం వహించారు. ఇటువంటివారు పెరగడం మాకు సంతోషమే. కాని కుర్చీలో స్త్రీ కూర్చుంటే చాలునని మేము అనుకోవడం లేదు. క్వాంటికో శిక్షణలోనే తమను లింగవివక్షతో తీసేశారని 2019లో మహిళలు కోర్టుకెక్కారు. 2024లో 34 మందికి 2 కోట్ల 26 లక్షల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పందం కుదిరింది. మొదటి మహిళలు ఆ గడప దాటి అప్పటికి యాభై ఏళ్లు!

ఇదే క్వాంటికోకు ఎదురు దారిలో వచ్చిన ఒక స్త్రీ ఉంది. ఆన్ బర్జెస్ నర్సింగ్ అధ్యాపకురాలు. సామాజిక శాస్త్రవేత్త లిండా హోమ్‌స్ట్రోమ్‌తో కలిసి, బోస్టన్ సిటీ ఆసుపత్రి అత్యవసర విభాగానికి అత్యాచార బాధితులు వచ్చినప్పుడల్లా వెళ్లి కూర్చుని వాళ్లు చెప్పింది విన్నది. 146 మందితో మాట్లాడి 1974లో ఇద్దరూ కలిసి వ్యాసం ప్రచురించారు. అందులో ఒక చిన్న విషయం మమ్మల్ని ఇప్పటికీ నిలబెడుతుంది. బాధితుల్లో కొందరు ఏడుస్తారు, వణుకుతారు. మరికొందరు ఏమీ జరగనట్టు ప్రశాంతంగా కూర్చుంటారు. ఏడవలేదు గనుక అబద్ధమన్న పోలీసు తర్కం అక్కడితో కూలిపోయింది. కొన్నేళ్లకు ఎఫ్‌బిఐ వాళ్లే ఆమెను క్వాంటికోకు పిలిచి పాఠం చెప్పించుకున్నారు. ఆమె ఏనాడూ బ్యాడ్జీ పెట్టుకోలేదు. ఎంత సర్వీసున్నా ఏ ఏజెంటూ కనిపెట్టనిది, మంచం పక్కన కూర్చుని విన్న మనిషి కనిపెట్టింది.

మాజీ అధికారి పాఠం చెప్పకూడదని మా వాదన కాదు. కాగితం మీది సెక్షనుకూ, అర్ధరాత్రి ఫోను మోగినప్పుడు జరిగేదానికీ ఎంత దూరమో అతనికి తెలుసు, పుస్తకం అది చెప్పదు. అయితే తన శాఖ చేసిన తప్పును తరగతిలో తప్పని చెప్పగలడా అన్నదే అసలు పరీక్ష. పెన్షన్ తీసుకున్నా విధేయత రిటైర్ కాదు కదా.

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. 1978లో హైదరాబాదు నల్లకుంట స్టేషనులో రమీజాబీకి జరిగింది మనం మరచిపోలేదు. అదే ఏడాది మథుర కేసులో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేస్తే, 1979లో బహిరంగ లేఖ రాసినవారు నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు: ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్. ఆ లేఖ, దాని వెంట మహిళా సంఘాల పోరాటం 1983లో చట్టాన్ని మార్చాయి. దేశమంతటికీ ఐపీఎస్ అధికారులను తయారుచేసే జాతీయ పోలీసు అకాడమీ మన హైదరాబాదులోనే ఉంది. దానికి మొదటి మహిళా డైరెక్టరుగా అరుణా బహుగుణ వచ్చింది 2014లో.

మన పోలీసు శిక్షణ కేంద్రాలన్నీ తమ అధ్యాపకుల్లో ఎందరు స్త్రీలో, ఎందరు శాఖ బయటివారో ఏటా ప్రకటించాలని మేము కోరుతున్నాం. బాధితుల వెంట స్టేషన్లకూ, ఆసుపత్రులకూ తిరిగిన మహిళా సంఘాల కార్యకర్తలకు, నర్సులకు ఆ తరగతుల్లో గంటలు కేటాయించాలి. మార్చి 8న పూలగుచ్ఛమిచ్చి పంపే ఉపన్యాసంగా మాత్రం వద్దు. వేతనమిచ్చి, టైంటేబుల్లో వేసి, పరీక్షలో మార్కులున్న పాఠంగా పెట్టాలి.