పదహారేళ్ల వయసులో ఒక ఏడాది: అది ఎవరి హక్కు?

పదో తరగతి ఫలితాలు వెలువడగానే మన ఇళ్లలో రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. అబ్బాయిని ఎంపీసీలో చేర్చాలా, పాలిటెక్నిక్‌కు పంపాలా? అమ్మాయిని కాలేజీకి పంపాలా, ఇక చదువు చాలనాలా? ఇంటర్ చదువునే కాలేజీ చదువుగా పిలుచుకునే మన రెండు రాష్ట్రాల్లో ఆ గడప దాటకముందే పిల్లల భవితవ్యం సగం తేలిపోతుంది. ఒక ఏడాది పాటు వారిని మరో దేశానికి పంపి, ప్రపంచాన్ని చూసి రానిద్దామా అన్న మూడో ప్రశ్న ఎవరికీ తోచదు. చదువులో విరామమంటే మనకు తెలిసినవి రెండే: పరీక్ష తప్పడం, లేదా లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చోవడం. ఆ విరామానికి సైతం ప్రవేశాల వేళ నోటరీ అఫిడవిట్‌తో సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

ఆ ఏడాదిని చదువులో భాగంగానే భావించే సంప్రదాయం ప్రపంచంలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులను చేరవేసిన అమెరికన్ అంబులెన్స్ వాలంటీర్ల సంస్థ ఏఎఫ్‌ఎస్, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1947లో పాఠశాల విద్యార్థుల మార్పిడిని చేపట్టింది. విద్యార్థి పరాయి దేశంలో ఒక కుటుంబంతో కలసి నివసిస్తాడు, వారి పిల్లలతోపాటు బడికి వెళతాడు, ఇంటిపనుల్లో పాలుపంచుకుంటాడు. అది విహారయాత్ర కాదు. సంపన్నుల పిల్లలకు ఈ అవకాశం డబ్బుతో లభిస్తుంది. ఆటో నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి ఉన్న ఇంట్లో ఆ మాట కూడా వినబడదు.

ఖర్చంతా భరించి పేద పిల్లలకూ తలుపు తెరిచిన పథకం ఒకటి ఉంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల మరుసటి ఏడాది, సెనేటర్లు ఎడ్వర్డ్ కెనడీ, రిచర్డ్ లూగర్‌ల చొరవతో అమెరికా ప్రభుత్వం 'యస్' అనే విద్యార్థి మార్పిడి కార్యక్రమాన్ని నెలకొల్పింది. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల నుండి పదిహేను, పదహారు, పదిహేడేళ్ల పిల్లలను ఎంపిక చేసి, ఒక విద్యాసంవత్సరం అమెరికన్ కుటుంబాల మధ్య ఉంచడం దాని పద్ధతి. ఆ దేశాల జాబితాలో భారతదేశం కూడా ఉంది. ఏడాది గడిచాక విద్యార్థి స్వదేశానికి తిరిగి రావాలి. అమెరికాలో స్థిరపడేందుకు అనుమతి కోరాలంటే ముందు రెండేళ్లు స్వదేశంలో గడపాలి. కాబట్టి పిల్లలు చేజారిపోతారన్న భయానికి తావు తక్కువ.

"ఒక చేత్తో బాంబులు, మరో చేత్తో స్కాలర్‌షిప్పులా?" అని అడిగే పెద్దలున్నారు. వారి ప్రశ్న న్యాయమైనదే. ఇరాక్‌పై దండెత్తిన 2003లోనే ఈ పథకపు తొలి విద్యార్థులు అమెరికా చేరారు. ఇది దానధర్మం కాదు, ముస్లిం ప్రపంచపు మనసు గెలవాలన్న రాజకీయ అవసరం. అయితే మన బిడ్డ ఖాళీ పాత్ర కాదు. ఆ బిడ్డ అక్కడ ఏం చూశాడో, ఏం చెప్పివచ్చాడో అన్నది దాత ఉద్దేశంతోనే తేలిపోదు. ఒక్క ముస్లింనూ దగ్గరగా చూడని పల్లెటూరి అమెరికన్ కుటుంబం, రంజాన్‌లో సహరీకి లేచే బిడ్డ కోసం తానూ మేల్కొంటే, అక్కడ మారేది ఆ బిడ్డ ఒక్కడే కాదు.

ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రుల సందేహాలు మరింత లోతైనవి. పరదా, నమాజు, హలాల్ భోజనం, అపరిచితుల ఇల్లు. వీటిని వెనుకబాటుతనమని కొట్టిపారేయకూడదు. ఎంపికకు ముందే నిర్వాహకులను సూటిగా అడిగి తెలుసుకోవాలి. అదే సమయంలో దేశాల మధ్య తేడానూ గుర్తించాలి. ఫ్రాన్స్ 2004లో ప్రభుత్వ బడుల్లో హిజాబ్‌ను నిషేధించింది. అదే ఏడాది అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, హిజాబ్ ధరించినందుకు బడి సస్పెండ్ చేసిన ఒక బాలిక పక్షాన అక్కడి న్యాయశాఖ నిలిచి, ఆమె హక్కును నిలబెట్టింది. 2022లో మన పొరుగున ఉడుపిలో ప్రీ-యూనివర్సిటీ కళాశాల గేటు బయట నిలబడిన బాలికలదీ సరిగ్గా ఇదే వయసు. ఆ ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులిచ్చారు. గేటు బయట పోయిన చదువును మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. బిడ్డకు ఎక్కడ రక్షణ ఉందన్న ప్రశ్నకు 'ఇంటికి దగ్గర' అన్నది ప్రతిసారీ సరైన జవాబు కాదు.

విద్య కోసం చిన్న వయసులో దూరదేశం వెళ్లడం మనకు కొత్తదేమీ కాదు. ఇమామ్ బుఖారీ పదహారేళ్ల ప్రాయంలో తల్లితో, సోదరునితో కలసి హజ్‌కు వెళ్లారు. వారు ఇంటిముఖం పట్టినా తాను మాత్రం విద్యార్జనకు అక్కడే ఆగిపోయారు. ఆ తల్లి బిడ్డను వదలి వెనుదిరిగిన క్షణాన్ని మనం ఎప్పుడైనా తలచుకున్నామా? హైదరాబాద్ చరిత్రలోనూ నిదర్శనం ఉంది. సరోజినీ నాయుడు పన్నెండేళ్లకే మెట్రిక్యులేషన్ ముగించి, కొన్నేళ్ల విరామం తరువాత 1895లో పదహారేళ్ల వయసున నిజాం విద్యార్థివేతనంతో ఇంగ్లండ్ వెళ్లారు. ముస్లిం పాలకుని ఖజానా ఒక హిందూ బాలిక ప్రతిభను గుర్తించింది. మతం అడ్డు రాలేదు, వయసూ అడ్డు రాలేదు.

నేటి ప్రభుత్వాల సాయం ఎక్కడ మొదలవుతుందో చూడండి. తెలంగాణలో 2015 నుండి మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్య కోసం ఇస్తున్న స్కాలర్‌షిప్ పోస్ట్‌గ్రాడ్యుయేషన్, ఆపై చదువులకే. అదే స్థాయి చదువులకు కేంద్రం అమలు చేసిన 'పఢో పర్‌దేశ్' వడ్డీ రాయితీని 2022-23లో ఎత్తివేశారు. ఇరవై ఏళ్లు పైబడిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమాదారులు నాలుగు శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ లెక్క తేల్చింది. పడవ మునిగే చోట తాడు వేయకుండా, ఈదుకుంటూ ఒడ్డుకు చేరిన కొద్దిమందికి చేయందించడం వంటిదే ఈ సాయం. వారికి ఇవ్వవద్దని నా వాదన కాదు. పదహారేళ్ల వారినీ లెక్కలోకి తీసుకోవాలన్నదే నా విన్నపం.

తెలంగాణలో రెండు వందలకు పైగా మైనారిటీ గురుకులాలు ఉన్నాయి. వాటిలోంచి ఏటా కనీసం వంద మందిని, అందులో సగం బాలికలను, ప్రభుత్వం తన ఖర్చుతో ఒక ఏడాది విదేశానికి పంపాలి. అక్కడి ఏడాది ఇక్కడి ఇంటర్ చదువుతో సమానమవుతుందన్న హామీ లేదు కనుక, తిరిగి వచ్చిన విద్యార్థి సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ చెక్కుచెదరకుండా ఉత్తర్వు ఇవ్వాలి. మన సమాజానికీ బాధ్యత ఉంది. వలీమా విందుల్లో ఒక్క రాత్రి కరిగిపోయే సొమ్ముతో ఒక బిడ్డ పాస్‌పోర్టు, ఆంగ్ల శిక్షణ, ప్రయాణపు బట్టలు సమకూరుతాయి.

పరాయి ప్రభుత్వం తన అవసరం కొద్దీ ఇచ్చేది ఆ అవసరం తీరగానే ఆగిపోవచ్చు. అది ఉన్నంతవరకు వినియోగించుకుందాం, కానీ దానినే హక్కుగా భ్రమించవద్దు. హక్కు అడగవలసింది మనం పన్ను కడుతున్న ప్రభుత్వాన్ని. పదో తరగతి ఫలితాల వారంలో ఆ మూడో ప్రశ్న మన ఇళ్లలోనూ వినిపించాలి.